పవర్ బటన్ పక్కన మరక

అక్కా,

నువ్వు పోయాక ఇదే మొదటి దసరా. నువ్వు డీటీపీ చేసిన పాత కంప్యూటర్‌ను మొన్న అటక మీంచి దించి, ర్యామ్ పెంచి, కొత్త డిస్కు వేశాను. ఆన్ అయింది. పసుపు రంగుకు తిరిగిన కేబినెట్‌కు పెరాక్సైడ్ క్రీము పూసి డాబా మీద మన నరసరావుపేట ఎండలో పెడితే, సాయంత్రానికి తెల్లబడింది. కొత్తదానిలా ఉందని మురిసిపోయాను.

ఇవాళ పూజకు కుంకుమ చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది. ఏటా పవర్ బటన్ పక్కన నువ్వు బొట్టు పెడుతుంటే, "మిషన్‌కు బొట్టేందక్కా, మరక పడుద్ది!" అని కసిరేవాణ్ణి.

"అన్నం పెట్టేదిరా, ఊరుకో," అనేదానివి.

ఇన్నేళ్ల బొట్లకు అక్కడ నిజంగానే ఎర్రటి మరక పడింది. మొన్న అది ఒక పట్టాన పోలేదక్కా. అక్కడొక్కచోట క్రీము రెండోసారి పూశాను.