కాసెట్ రెండో పక్క

మల్లేశన్నా,

నువ్వు పోయి నలభై రోజులు. మా సాబ్ ఇవాళ అమెరికా వెళ్లిపోతూ తన కంట్రీ పాటల కాసెట్, అదే వాళ్ల పల్లెపాటలది, అడిగాడు. పాడినవాడు కొత్త గాయకుడే అయినా పాతకాలం వాళ్లలా ఫిడేలుతో పాడతాడని దాన్ని ప్రాణంలా చూసుకునేవాడు. నీకు వినమనే ఇచ్చాను. నువ్వేమో పాటల మీద ఎవరూ రికార్డు చేయకుండా కాసెట్ అంచున ఉండే మూల చిల్లులను ప్లాస్టర్ అంటించి మూసేసి, రెండో పక్క పాటల మీదే లచ్చవ్వ వదినకు నీ మాటలు రికార్డు చేశావు.

దుఖాన్ ఊరు దాటి ఎడారి రోడ్డెక్కగానే సాబ్ దాన్ని నేను నడుపుతున్న కారు టేపులో పెట్టాడు. పాటలు చెరిగాయని సాబ్ కంపెనీకి ఒక్క మాట చెబితే నా వీసా గోవిందా. కాసెట్ తీసుకుపోతే నీ గొంతూ పోతుంది. మొదటి పక్క అయిపోయింది. టేపు దానంతటదే రెండో పక్కకు తిరిగింది.

"లచ్చీ, మంచిగున్నవా? పిల్లకు జరం తగ్గిందా?"

సాబ్ నావైపు తిరిగాడు. "హూ ఈజ్ దిస్?"

"మై రూమ్ ఫ్రెండ్, సార్. లాస్ట్ మంత్ డెడ్."

ఎయిర్‌పోర్టు దాకా సాబ్ టేపు ఆపలేదు. దిగేటప్పుడు కాసెట్ తీసి నా జేబులో పెట్టాడు. ఆ పాటలు వాళ్ల ఊళ్లో ఏ షాపులోనైనా దొరుకుతాయట.

శుక్రవారం ఊరికి పోయేవాళ్లతో వదినకు పంపుతున్నాను. మనవాళ్లు జవాబు కూడా అదే కాసెట్ మీద, వచ్చిన మాటలు చెరిపేసి, చెప్పి పంపుతారు కదా. అందుకే ప్లాస్టర్ పీకేశాను.