వార్డెన్ గారి చొక్కా మీద రాసిన ఇంటిపని గురించి

తార్నాక,
14 నవంబరు 1967.

సాయంకాల వయోజన పాఠశాలల సంఘం కార్యదర్శి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విశ్వవిద్యాలయ ఆవరణలోని ధోబీఘాట్ తరగతిని మూయవద్దనీ, ధోబీ సత్తయ్య పని పోకుండా కాపాడవలెననీ ప్రార్థన.

తమ ఉత్తర్వు నిన్న సాయంత్రం అందినది. ఈ నెలాఖరుకు తరగతి మూసి గది తాళంచెవి అప్పగించమని అందులో ఉన్నది. తాళంచెవి నా దగ్గర భద్రంగానే ఉన్నది. అయితే వచ్చే సోమవారం నుండి సత్తయ్యకు బట్టలు వేయబోమని హాస్టల్ వార్డెన్ గారు చెప్పినందున, నెలాఖరు దాకా ఆగకుండా ఈరోజే రాస్తున్నాను. ఆ హాస్టల్ బట్టలు ఉతికి సత్తయ్య, లచ్చమ్మ దంపతులు బతుకుతున్నారు. పాఠం చెప్పింది నేను, పని పోతున్నది వారికి. కనుక జరిగినది జరిగినట్లు మనవి చేస్తున్నాను.

1. తమ సంఘం వాచకంలో మొదటి పాఠం ఓడ. నేను ఓడ బొమ్మ చూపించగానే సత్తయ్య, “పంతులమ్మా, ఓడ అంగి తొడుగుతదా?” అని అడిగాడు. తొడగదన్నాను. “మరి దాంతోటి నాకేం పని?” అని గోడకు ఒరిగి నిద్రపోయాడు. పొద్దంతా బండకేసి బట్టలు బాదిన మనిషి నిద్రపోవడం నేరం కాదు. గురక పెట్టడం నా తరగతిలో నేరం. నిలబెట్టాను. నిలబడి నిద్రపోయాడు. తక్కిన ధోబీలు మరునాటి నుండి రావడం మానుకున్నారు. లచ్చమ్మ వచ్చేది, అదీ మొగుణ్ణి లేపి ఇంటికి తీసుకుపోవడానికి.

2. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి ధోబీలు కాలరు లోపల నల్లజీడి గింజ రసంతో ఒక గుర్తు పెడతారు. ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పోదు. సత్తయ్య గుర్తులన్నీ చుక్కలు, గీతలు, కొక్కేలు. హాస్టల్లో విద్యార్థులు పెరిగారు, కొక్కేలు పెరగలేదు. దానితో ఒక స్థూలకాయుడి ప్యాంటు ఒక బక్కపలచని అబ్బాయికి చేరింది. ఆ అబ్బాయి ఒక చేత్తో పరీక్ష రాసి, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకున్నాడట. ఆ తగాదా తరగతికి వచ్చింది.

“నీ గుర్తులు నీకే ఎరుక. రేపు నీకు జొరమొస్తే గీ బట్టలు ఎవరు పంచాలె, గాడిదనా?” అని లచ్చమ్మ అడిగింది.

“నీకంటే దానికే ఎక్కువ ఎరుక,” అన్నాడు సత్తయ్య.

ఆలుమగల కలహానికి ఇది చోటు కాదని ఇద్దరినీ మందలించాను. తరువాత తమ వాచకం మూసి, నల్లబల్ల మీద ‘ఇన్నయ్య, గది 12’ అని ఆ బక్క అబ్బాయి పేరు రాశాను. కొక్కెం బదులు ఇలా పేరు రాస్తే ఎవరు చదివినా బట్టలు పంచవచ్చునని చెప్పాను. సత్తయ్య కళ్లు పూర్తిగా తెరవడం నేను చూడటం అదే మొదలు.

“గిది ముందుగాల్నే చెప్పకపోతివి పంతులమ్మా! ఇన్నొద్దులు ఓడ ఎక్కించి తిప్పుతివి!”

3. ఆ వారంలోనే మానినవారంతా తిరిగి వచ్చారు. కూర్చోవడానికి చోటు చాలక లచ్చమ్మ తలుపు దగ్గర బట్టల మూట మీద కూర్చుని నేర్చుకున్నది, మొగుడి కంటే త్వరగా నేర్చుకున్నది. పేర్లు రావడంతో వాక్యాలు మొదలుపెట్టాను. ‘నా పని గురించి మూడు వాక్యాలు’ అని ఇంటిపని ఇచ్చాను. పలకలు పంపమని తమకు ఉగాది నుండి రాస్తున్నాను, అవి ఇంతవరకు రాలేదు. కాగితాలూ లేవు. వారి ఇంట్లో రాయడానికి ఉన్నది నల్లజీడి రసం. రాయించుకోవడానికి ఉన్నవి హాస్టల్ బట్టలు.

4. మొదట మేలే జరిగింది. ఒక విద్యార్థి చొక్కా అంచు లోపల లచ్చమ్మ, “గుండీలు రెండు లేవు. నేను తీయలె. వచ్చేటప్పుడే లేవు,” అని రాసింది. ఆ విద్యార్థి దాని కిందనే సిరాతో, “తెలుసు. గంజి తగ్గించు,” అని జవాబు రాసి పంపాడు. లచ్చమ్మ అది తానే చదివి గంజి తగ్గించింది. ఇదివరకు ఈ మాటలు మెట్ల మీద నిలబడి కేకలతో జరిగేవి. తమ వాచకంలో ఇంత ప్రయోజనం ఉన్న పాఠం ఒక్కటీ లేదని సవినయంగా తెలియజేస్తున్నాను.

5. సత్తయ్య తన మూడు వాక్యాలకు వార్డెన్ వెంకటనర్సయ్య గారి తెల్లచొక్కా ఎంచుకున్నాడు. కాలరు లోపల చోటు చాలక రాత వీపు మీదికి దిగింది. పైన కోటు ఉన్నందున వార్డెన్ గారు చూసుకోలేదు. అధ్యాపకుల తేనీటి విందులో ఉక్కగా ఉన్నదని కోటు విప్పారు. వెనుక ఉన్నవారంతా చదివారు: “ఇది వార్డెన్ సారు అంగి. కాలరుకు నూనె మస్తుగ ఉన్నది. సారు తలకు తక్కువ రాయాలె.”

ఇది విని ఇంట్లో నా మనవరాలు నవ్వింది. ఆమెను మందలించి పక్కగదిలోకి పంపి, తరువాత నేను నవ్వాను.

6. వార్డెన్ గారు ఆ చొక్కా పట్టుకుని తరగతికి వచ్చారు.

“ఏమమ్మా, ఇది చొక్కానా, నోటీసు బోర్డా?”

నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఎర్రపెన్సిలు చేతిలోనే ఉన్నది. చివరి వాక్యం కింద ‘బాగున్నది’ అని రాశాను. ఆడపిల్లల బడిలో జీవితమంతా చేసిన పని అది, చెయ్యి నన్ను అడగలేదు.

“నా వీపుకు మార్కులు వేస్తున్నారా!” అని ఆయన అరిచారు.

సత్తయ్య వెనుక నుంచి, “పంతులమ్మా, పాసైన్నా?” అన్నాడు.

లచ్చమ్మ అతని నోరు మూసి, “మాఫ్ చేయుండ్రి సారూ. తిట్టు కాదది, ఇంటిపని. మీ అంగి మంచిగ తెల్లగుంటదని దాని మీదనే రాసిండు,” అన్నది.

ఇది సంఘం చెప్పించిన పాఠమేనని కార్యదర్శి గారు రాసి ఇస్తే ఆలోచిస్తానని వార్డెన్ గారు అన్నారు. ఆ చొక్కాకు వారాసిగూడ దర్జీ చేత కొత్త వీపు కుట్టించి పంపాను. పాత వీపు తీసి దాచాను.

7. ‘వాచకములో లేని విషయములు బోధించినందున’ అని తమ ఉత్తర్వులో ఉన్నది. నిజమే, వార్డెన్ గారి నూనె వాచకంలో లేదు. అయితే వయోజనులకు చదువు మీద ఆసక్తి కలిగించవలెనని కూడా తమరే ఉత్తర్వు పంపారు. ఆసక్తి కలిగించాను. దానిని ఆపే ఉపాయం నాకు తెలియదు.

పై సంగతులు చదివి, ఈ అర్జీని కట్ట అడుగున పెట్టక, బల్ల మీద కంటికి కనిపించేచోట ఉంచి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ప్రమీలమ్మ
విశ్రాంత ఉపాధ్యాయిని

తా.క. ఇక జరగవలసినవి:

1. చొక్కా మీది రాత సంఘం ఇప్పించిన ఇంటిపని అని వార్డెన్ గారికి తమరు ఒక్క వాక్యం రాయవలెను. శనివారంలోగా అందకపోతే సత్తయ్య పని పోతుంది.

2. తరగతి మూసివేత ఉత్తర్వు రద్దు చేయవలెను. ఓడ పాఠం వాచకం చివరకు మార్చవలెను.

3. పలకలు పంపవలెను.

4. తమ ఇంటి బట్టలు కూడా లచ్చమ్మకే పడతాయని ఈరోజే తెలిసింది. తమ తెల్ల జుబ్బాలు రేపు ఆరతాయి. రేపటి ఇంటిపని, ‘నాకు తెలిసిన ఒక పెద్దమనిషి’, అయిదు వాక్యాలు. పలకలు రేపు సాయంత్రంలోగా చేరితే పలకల మీదనే రాయిస్తాను.