మల్లెపువ్వా, పొడుం డబ్బానా?

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. మన మనవరాలు చిన్ని ఆడే ఆన్‌లైన్ లీగ్‌లో జట్లు పంచేదీ ఇవాళే. పోయినసారి కెప్టెన్లు ఏరుకుంటే మన పిల్లే ఆఖరున మిగిలింది. మళ్లీ అలా అయితే ఆట మానేస్తానంది. అబుదాబి పక్కనున్న ఈ బనియాస్‌కు మారాక దానికున్న స్నేహాలు అవే. అందుకని మీ కబడ్డీ పద్ధతి చెప్పాను: సమానంగా ఆడే ఇద్దరు రహస్యంగా పేర్లు పెట్టుకుని రావాలి, కెప్టెన్ ఒక పేరు కోరుకోవాలి.

“నాతో జంట ఎవరు కడతారు అమ్మమ్మా?” అంది. నా ఎమ్మే చదువుకు అది తట్టలేదు.

ఇంతలో కంప్యూటర్లోంచి ఓ పిల్ల, “యల్లా, రా చిన్నీ, మనిద్దరం!” అని అరిచింది.

“మల్లెపువ్వు కావాలా, పొడుం డబ్బా కావాలా?” అని అడుగుతున్నారిప్పుడు. పొడుం డబ్బా మన పిల్లే. ఏది కోరినా రెండోది అవతలి జట్టుకు పోతుందని తెలుసు. అయినా, మీ డబ్బాను జన్మంతా ఈసడించిన నేను, ఎవరో ఒకరు అదే కావాలనాలని తలుపు వెనక నిలబడి మొక్కుకుంటున్నాను.