మేకుకు లేని ఎర్ర గుడ్డ

భాయ్‌జాన్‌కు సలాం.

మీరు ఫోన్ ఎత్తడం లేదు గనక ఈ ఉత్తరం రాసి మా అమ్మాయి అంజుమ్ చేతికిచ్చి ముప్పాళ్ళ పంపుతున్నాను.

కోపంతో అక్కడ మన ఆపా, బావగార్ల ఇంటికి వెళ్లిపోయారు గానీ, మన షెడ్డులో ఇనుము చెక్కే లేతు మిషను దగ్గర మేకుకుండే ఎర్ర గుడ్డ మీ జేబులోనే ఉండిపోయింది. గుడ్డ తీసుకున్నవాడే మిషను ముట్టుకోవాలి, పనయ్యాక తిరిగి తగిలించాలి, అందాకా మిగతావాళ్లు ఆగాలి అన్నది మీరు పెట్టిన పద్ధతే. కంప్యూటర్‌లోనూ ఇంతేనట. నాలుగు ప్రోగ్రాములు ఒకే ప్రింటర్ కోసం వస్తే, సెమఫోర్ అనే గుర్తు దేనికి దొరికితే అదే వాడుకోవాలట. అది తిరిగి పెట్టకపోతే మిగతావన్నీ నిలబడిపోతాయని అంజుమ్ చెప్పింది.

మన షెడ్డూ నిలబడిపోయింది. ఆరోజు గుడ్డ మీ దగ్గరుండగానే మన చిన్న తమ్ముడు నదీం స్విచ్ వేశాడు, మీ వేలు చీరుకుపోయింది. తప్పు వాడిదే. ఇప్పుడు ట్రాక్టర్ల వాళ్లు తమ పనులు ఆగిపోయాయని వచ్చి అరుస్తున్నారు. ఇంకో గుడ్డ తగిలిద్దామని నేనే అన్నాను. నదీం ఒప్పుకోలేదు.

"భాయ్‌జాన్ తెచ్చి తగిలిస్తేనే నేను మిషను ముట్టుకునేది" అంటున్నాడు.

వేలు మానితే రండి. మానకపోయినా రండి.

మీ తమ్ముడు