ఎనిమిది గాజుపళ్లేల మీది పేర్లు

పజుండౌంగ్, యాంగోన్,
19 ఆగస్టు 2021.

వార్డు పాలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చనిపోయిన ఎనిమిదిమందిని హాజరుపరచలేకపోవుట, మా అమ్మాయి విజయశ్రీ విడుదల గురించి.

పిండిమర నడుపుకొను ఢిల్లేశ్వరరావు (వయస్సు 63) చేసుకొను మనవి. నాకు బర్మా మాట వచ్చు, రాత రాదు గనుక తెలుగున రాసితిని. తమ కార్యాలయ గుమస్తా బలరాం నా మేనల్లుడే గనుక వానిచే చదివించుకొనగలరు.

1. మా అమ్మాయి కాలేజీలో జీవశాస్త్రం చెప్పెడిది. ఫిబ్రవరిలో ప్రభుత్వం సైన్యం చేతికి మారిన పిదప సమ్మెలో చేరినందున ఉద్యోగం పోయినది. పిల్లలు చదువులేక తిరుగుచున్నారని, ఆదివారాలు మా మర వెనుక గదిలో సింథటిక్ బయాలజీ పాఠం మొదలుపెట్టినది. కరోనా టీకాలో ఏమున్నదో తెలుసుకొనుటకు వీధి పెద్దలును వచ్చి కూర్చొనిరి.

2. సదరు విద్య బాంబుల విద్య కాదు. "ఏటమ్మా ఇది?" అని నేనే అడిగితిని. "నాన్నా, పతి జీవిలోనూ అదేటి సెయ్యాలో రాసుంటాది. ఆ రాతలో ఒక ముక్క మార్సి కొత్త పని సెప్తాం, అంతే," అన్నది. జెల్లీచేప వెలుగును హానిచేయని సూక్ష్మజీవిలో పెట్టిరి. నీలిదీపం కింద పచ్చగా వెలిగినది. బాగున్నది.

3. ఆ సూక్ష్మజీవిని పెంచిన ఎనిమిది గాజుపళ్లేలలో ఏడు పిల్లలవి, ఒకటి అమ్మాయిది. కొత్తగా పుట్టినవారికి ఇంట పోయినవారి పేరు పెట్టుట మా ఆచారం. ఇదీ కొత్తగా పుట్టినదే గదాయని పిల్లలు తమ తాతల పేర్లు, మామ్మల పేర్లు మూతలపై రాసిరి. యర్రయ్య, అప్పలస్వామి, సింహాచలమ్మ, అట్లు. సోదాకు వచ్చినవారు అది తిరుగుబాటుదారుల జాబితా అనుకొని పళ్లేలను, వాటిని ఉడికించి శుభ్రపరచు ప్రెషర్ కుక్కరును, అమ్మాయిని పట్టుకొనిపోయిరి. ఎనిమిదిమందీ హాజరైతేనే విడుదల అని ఒక్కొక్క పేరుకు నోటీసులు వచ్చినవి.

4. వారు హాజరు కాజాలరు. అప్పలస్వామి పోయి ఇరువదేండ్లు. అమ్మాయి రాసిన పేరు సూరమ్మ, నా భార్య. జూలై 14న నేను ఆక్సిజన్ సిలిండరు కొరకు వరుసలో నిలబడియుండగా ఇంట్లో పోయినది. ఆమెకు వచ్చిన నోటీసు నేనే పుచ్చుకొని సంతకం పెట్టితిని. ఏడుపు రాలేదు. నెల దాటినది, ఏదీ రావడం లేదు. ఇది అర్జీకి సంబంధించినది కాదు, కొట్టివేయగలరు.

5. కుక్కరు తమరే ఉంచుకొనవచ్చును.

కావున ఇందుతో జతపరచిన మరణ పత్రాలు ఎనిమిదింటిని హాజరుగా భావించి, అమ్మాయిని ఇంటికి పంపవలెనని కోరుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఢిల్లేశ్వరరావు

తా.క.: పొద్దున్న బలరాం వచ్చాడు. "మావా, దొరగారు సెప్పమన్నారు. సచ్చిపోయినోళ్లు ఒద్దు. ఆ పిల్లల పేర్లు రాసిచ్చీ, సాయంత్రానికి అమ్మి ఇంటికొచ్చెస్తాది," అన్నాడు. ఏడుగురి పేర్లూ నాకు తెలుసు. ప్రతి ఆదివారం ఉప్మా వడ్డించినవాణ్ణి. కాగితం ముందేసుకుని రెండు గంటలు కూర్చున్నాను. రాయలేకపోయాను బాబూ. రాస్తే అది ఇంటికొస్తుంది గానీ నా ముఖం చూడదు. గది ఇచ్చింది నేను, కరెంటు నాది. నన్ను ఉంచుకుని దాన్ని పంపండి. ఈ అర్జీ నేనే పట్టుకొస్తున్నాను, సంచిలో రెండు జతల బట్టలున్నాయి. మర తాళం బలరాం చేతికిచ్చాను, అమ్మాయి వస్తే ఇవ్వమని.