రెండో సమీక్షకులెవరు?

మియాపూర్,
నవంబరు 3

రత్నమాల గారికి,
విద్వత్ ప్రచురణల సంఘం కార్యదర్శి సోమేశ్వరరావు నమస్కారాలు.

మీరు సంచాలకులుగా నడుపుతున్న తెలుగు మీడియం పరిశోధకుల రచనా బృందం వార్షిక నివేదిక సెప్టెంబరులోనే అందిందండి. మన సంఘంలోని నాలుగు ఆసక్తి బృందాల నివేదికలనూ, పేర్లన్నీ నల్లసిరాతో కొట్టేసి, ఇద్దరేసి సభ్యులకు సమీక్షకు పంపడం ఆనవాయితీ అని మీకు తెలుసు. ఎవరిది ఎవరు చదివారో నాకు కూడా తెలియదు. ఆ రిజిస్టరు ఆఫీసులో ఈశ్వరమ్మ గారి బీరువాలో ఉంటుంది. తాళంచెవి ఆవిడ కొంగున ఉంటుంది.

మీ నివేదికను మొదటి సమీక్షకులు "సంతృప్తికరం" అన్నారు. రెండో సమీక్షకులు మాత్రం బృందాన్ని రద్దు చేయమన్నారు. ఒక్కరు రద్దు అన్నా విషయం కార్యవర్గానికి వెళ్లాలన్నది నిబంధన. 22న కార్యవర్గం కూర్చుంటుంది. అంతవరకు మీ బృందం పేరిట సభలు, సర్టిఫికెట్లు ఆపవలసిందిగా మనవి.

ఇట్లు,
సోమేశ్వరరావు

తా.క. ఈమెయిల్ ఎందుకు ఇవ్వలేదని అడుగుతారేమో. కిందటేడు ఇద్దరు సభ్యులు ఒక కామా గురించి మెయిల్లో పోట్లాడుకుంటే నాలుగు వందల మందికి కాపీలు వెళ్లాయి. అప్పటినుంచి సంఘంలో పోట్లాటలన్నీ పోస్టులోనే.


హైటెక్ సిటీ,
నవంబరు 6

సోమేశ్వరరావు గారికి,
నమస్కారం పెట్టే ఓపిక లేకపోయినా పెడుతున్నాను.

రద్దా? ఆరేళ్లుగా నెలకో శనివారం నా ఆఫీసు క్యాంటీన్లో పిల్లల్ని కూర్చోబెట్టి పరిశోధన పత్రం ఎలా రాయాలో నేర్పిస్తున్నాను. సంఘం చెప్పిన ఏ పని కాదన్నాను? మహాసభలో కుర్చీలు వేయించాను, సమీక్షలు రాశాను, భోజనాల దగ్గర పెరుగు చాలకపోతే నేనే వెళ్లి తెచ్చాను. ఆ నివేదికను మా సహ సంచాలకుడు ఆదర్శ్ మూడు వారాలు కూర్చుని తయారుచేశాడు. ప్రతి అక్షరం నేను చూసి సంతకం పెట్టాను. పొద్దస్తమానం విదేశీ జర్నళ్లు దిద్దే ఉద్యోగం నాది, నా దగ్గర తప్పు దొరుకుతుందా?

29న మా సభ ఉంది. అందులో లావణ్య అనే అమ్మాయి పత్రం చదవాలి. వికారాబాద్ నుంచి రైల్లో లింగంపల్లికి వచ్చి, అక్కడినుంచి బస్సు పట్టుకుని మా దగ్గరికి వస్తుంది. పత్రం చదివినట్టు సర్టిఫికెట్ నెలాఖరులోగా యూనివర్సిటీకి ఇవ్వకపోతే ఆమె థీసిస్ ఇంకో ఆరు నెలలు ఆగిపోతుంది. నిన్న ఫోన్ చేసింది. "మేడమ్, గ్రూప్ బంద్ జేస్తరంట గదా. మా ఇంట్ల ఇప్పటికే ఇగ చదువు సాలు అంటున్రు. ఇంకో ఆర్నెల్లంటే ఒప్పుకోరు" అంది.

ఆ రెండో సమీక్షకులు ఏం రాశారో మొత్తం పంపండి.

రత్నమాల

తా.క. మొదటి సమీక్షకులు ఎవరో గాని విషయం తెలిసిన మనిషి. ఒక్క మాటలో చెప్పారు.


మియాపూర్,
నవంబరు 10

రత్నమాల గారికి,
వినయపూర్వక నమస్కారాలు.

సమీక్ష యథాతథంగా పంపడం కుదరదండి. రాసే తీరును బట్టి మనిషిని పట్టేస్తారని సంఘం భయం. సారాంశం మాత్రం చెప్పవచ్చు: "నిర్లక్ష్యం."

ఆ అమ్మాయి సంగతి చదివి నాకూ బాధ కలిగింది. ఉండబట్టలేక ఈశ్వరమ్మ గారిని అడిగాను. "పేర్లు నేనే నల్లగ కొట్టిన సార్. లిస్టుల వరుసగ ఎవరొస్తే వాళ్లకు పంపిన. ఎవరిది ఎవరికి వోయిందో నాకెట్ల యాదికుంటది? రిజిస్టర్ల ఉంటది గని, కార్యవర్గం చెప్పంది తాళం తియ్య" అన్నారు.

ఇట్లు,
సోమేశ్వరరావు

తా.క. సంఘంలో నిబంధనలు అక్షరాలా పాటించేది ఆవిడొక్కరే. అదే ఇప్పుడు ఇబ్బందిగా ఉంది.


హైటెక్ సిటీ,
నవంబరు 13

కార్యదర్శి గారికి,

నిర్లక్ష్యమా? ఆ మాట అన్న మనిషి ఎవరో నాకు తెలుసు. మన కార్యవర్గంలోని ఆంజనేయులు గారే. ఆయన వ్యాసాన్ని నేను మూడుసార్లు తిప్పి పంపాను. మూడోసారి ఆ మాట సంఘం టిఫిన్ల దగ్గర చెబితే ఆయన ఉప్మా ప్లేటు వదిలేసి లేచి వెళ్లిపోయారు.

నా డిమాండ్ రాతపూర్వకంగా ఇస్తున్నాను, కార్యవర్గం ముందు పెట్టండి. ఆ రిజిస్టరు తెరవాలి. ఆ రెండో సమీక్షకులు ఎంతటివారైనా సరే, 29న మా సభకు వచ్చి, మా పిల్లల ముందు నిలబడి, తాము రాసింది మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదవాలి. చాటున రాయడం కాదు, లావణ్య మొహం చూసి ఆ మాట అనమనండి. ఈ షరతు నుంచి ఎవరికీ మినహాయింపు ఉండకూడదు.

నాకు మూడు రోజులుగా నిద్ర లేదు. ఆ పిల్లలకు నేను తప్ప ఎవరూ లేరని కాదు, నాకు వాళ్లు తప్ప ఈ ఊళ్లో చెప్పుకునే పని ఇంకేమీ లేదు.

రత్నమాల

తా.క. "మినహాయింపు" అన్న మాట కింద గీత గీశాను. చూసుకోండి.


మియాపూర్,
నవంబరు 24

రత్నమాల గారికి,
ఈసారి కూర్చుని చదవండి. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

మొన్న శనివారం కార్యవర్గం కూర్చుంది. మీ షరతును ఏకగ్రీవంగా ఆమోదించాం. ఆంజనేయులు గారు అందరికంటే ముందు చెయ్యెత్తారు. ఆ తర్వాతే ఈశ్వరమ్మ గారు బీరువా తీసి రిజిస్టరు తెచ్చారు.

రెండో సమీక్షకులు మీరేనండి.

అక్టోబరులో మీరు రాసి పంపిన సమీక్ష దీనితో జతచేశాను. "నాలుగో పేజీలో సభ్యులు ముప్పై నలుగురు, ఏడో పేజీలో ఇరవై ఆరుగురు. ఎనిమిది మంది ఎటు పోయారు? పదకొండో పేజీలో 'బృందం చేసిన పనులు ఇక్కడ రాయాలి' అని ఉంది, ఎవరూ రాయలేదు. దీని మీద సంతకం పెట్టినవారు దీన్ని చదవలేదు. నిర్లక్ష్యం. ఇలాంటి బృందం ఉండి ఎవరికి లాభం, రద్దు చేయండి." చేతిరాత మీదే. "నిర్లక్ష్యం" కింద గీత కూడా ఉంది.

ఎవరి నివేదికను వారే సమీక్షించడం చెల్లదు కాబట్టి రద్దు మాట కొట్టేశాం. మీ బృందం ఉంటుంది, సభ జరుగుతుంది. 29న పత్రం చదివాక లావణ్యకు ఇవ్వవలసిన సర్టిఫికెట్ మీద నేను ఇవాళే సంతకం పెట్టి ఉంచాను, అందులో ఏముందో చదివాకే పెట్టాను. కాని మీ షరతు అలాగే ఉంది. దానికి మినహాయింపు లేదు.

ఒక మాట చెప్పనా? కార్యవర్గ సమావేశం జరుగుతుంటే ఆ అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరో ఆమెకు విషయం చెప్పారు, మేడమ్ నివేదిక చదవకుండా సంతకం పెట్టారని. ఆమె ఒప్పుకోలేదు. "మా మేడమ్ సదవకుండ ఉండదు సార్. నా థీసిస్ల ఒక్క చుక్క గూడ ఇడిసిపెట్టలె. మీరే ఏదో తప్పు చూసిన్రు" అంది.

ఆదర్శ్ పాత నమూనా కాగితంలో అంకెలు నింపి ఇచ్చాడు. మీరు చదవకుండా సంతకం పెట్టారు. నేను చదవకుండా ముద్ర వేశాను. ఆ నివేదికను ఈ సంఘంలో మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి ఒక్కరే, అది మీరే. కాకపోతే వేరేవాళ్లదనుకుని చదివారు. కొత్తది రాసేటప్పుడు నన్నూ పిలవండి, పక్కన కూర్చుని చదువుతాను.

ఇట్లు,
సోమేశ్వరరావు

తా.క. రిజిస్టరులో మీ పేరు పక్కనే మొదటి సమీక్షకుల పేరు కూడా ఉంది. అది నాదేనండి. నల్లసిరా కొట్టిన ఏ నివేదిక వచ్చినా "సంతృప్తికరం" అనే రాస్తాను, ఎనిమిదేళ్లుగా. విషయం తెలిసిన మనిషినని మీరు మెచ్చుకున్న ఉత్తరం ఫైల్లో పెట్టలేదు, ఇంటికి తీసుకెళ్లాను.