పదిహేను రోజుల రూలు

మార్చి 3

కరెంటు పొద్దున పోయి సాయంత్రం వచ్చింది. మా మరకైబో ఊళ్ళో ఇదేం వార్త కాదు. రాగానే నెట్‌లో మా కథల ఫోరం తెరిచాను. అక్క యొలైదా మూతి తిప్పుకుంది. ఫ్రిజ్‌లో చేప కంపు కొడుతుంటే దీనికి మ్యాపులో లేని ఊరే ముఖ్యం అంది.

ఆ ఊరి పేరు ఉప్పు రేవు. ఏడేళ్ళ క్రితం నేనూ, చిలీలో ఉండే ఫెర్మినూ కలిసి పెట్టాం. ఒక్కొక్కరం ఒక పాత్ర తీసుకుని వంతులవారీగా కథ రాస్తాం. నాది కసిల్దా, తాళ్ళు అమ్ముకునే విధవరాలు. ఇప్పుడు ఫోరంలో పేర్లు నలభై, రాసేవాళ్ళు పదిమంది. ఒకడు తన వంతు రాగానే మాయమైతే మిగతావాళ్ళ కథ అక్కడే చచ్చినట్టు ఆగుతుంది, ఎందుకంటే ఇంకొకరి పాత్రను మనం కదపకూడదు. కసిల్దా నవంబరు నుంచీ మోకాలి లోతు వాననీళ్ళలో నిలబడి ఉంది. ఆమెను లాగవలసినవాడు పత్తా లేడు.

హాజరుకి ఒక రూలు పెడదాం అన్నాడు ఫెర్మిన్. పది రోజులు రాయకపోతే పాత్ర తీసిపారేద్దాం అన్నాడు. నీకేం బాబూ, రోజంతా కరెంటు అన్నాను. అయితే కరెంటు లేనివాళ్ళకి కూడా న్యాయంగా ఉండేట్టు నువ్వే రాయి తల్లీ అన్నాడు. నా నోరే నాకు శత్రువు.

మార్చి 5

రూలు పెట్టేశాను. పదిహేను రోజులు. రాలేకపోతే ముందుగా సెలవు పేజీలో ఒక్క ముక్క రాస్తే చాలు, నెల రోజులు గడువు. అది ఏడాదికి ఒక్కసారే. మినహాయింపులు ఎవరికీ లేవు, అడ్మిన్లకి కూడా.

అందరికంటే ముందు మెచ్చుకున్నది లిబోరియో. ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశావు మైగువా అని నన్ను పేరు పెట్టి పిలిచి రాశాడు. లిబోరియోది పరాగ్వే, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. అతని పాత్ర అంబ్రోసియో, ఒకప్పుడు ఉరితీసే తలారి, ఇప్పుడు రొట్టెలు కాల్చుకుంటున్నాడు. ఊళ్ళో ఏం జరిగినా ఆ రొట్టెల కొట్టు ముందే జరగాలి. ఆరేళ్ళుగా నేను రోజూ మాట్లాడే మనిషి అతనే. ఇంతవరకూ గొంతు కూడా వినలేదు.

మార్చి 21

మొదటి ఏరివేత. ఆరుగురు పోయారు. ఐదుగురు చూసుకోనైనా లేదు.

ఆరోది సిత్లాలీ. మెక్సికోలో చదువుకుంటోంది. తాతని ఆసుపత్రిలో పెట్టారట, సెలవు ముక్క ఒక్క రోజు ఆలస్యంగా రాసింది. బతిమాలింది. ఇవాళ నీకు వదిలితే రేపు అందరికీ వదలాలి చెల్లీ అన్నాను. తీసేశాను.

మా దగ్గర ప్రతి పాత్రకీ ఎవరో ఒక సినిమా నటి ముఖమో నటుడి ముఖమో ఫొటోగా అరువు తెచ్చుకుంటాం. ఒక ముఖం ఒక్కరికే. సిత్లాలీ పాత్ర పోయిన గంటలోపే ఇంకో అమ్మాయి ఆ ముఖం పట్టుకుపోయింది. అది మూడేళ్ళుగా నా ముఖం, ఎలా ఇచ్చేశారు అని అడిగింది సిత్లాలీ. ఇచ్చే హక్కు రూలులోనే ఉందని చెప్పాను. నాకు రాత్రి తిండి సయించలేదు.

ఏప్రిల్ 9

లిబోరియో రాయడం లేదు.

ఏప్రిల్ 10

మెసేజ్ పెట్టాను. చూశాడు. జవాబు లేదు.

ఏప్రిల్ 12

నాలుగు మెసేజ్‌లు. అన్నీ చూశాడు. బతికే ఉన్నాడు, అదొక్కటే నిమ్మళం.

రేపటితో గడువు అయిపోతుంది. ఒక్కసారికి చూసీ చూడనట్టు పోదామా అని ఫెర్మిన్‌ని అడిగాను. సిత్లాలీకి ఏం మొహం పెట్టుకుని జవాబు చెబుతావు అన్నాడు. నిజమే. గొయ్యి నేనే తవ్వాను, కొలతలు కూడా నేనే వేశాను.

అంబ్రోసియో లేని ఉప్పు రేవు నాకు వద్దు. ఇక్కడ నాకు ఉన్నదేమిటి? వేడి, జిరాక్స్ షాపు, అక్క సణుగుడు. సాయంత్రం అతని రెండు ముక్కల కోసమే రోజంతా నెట్టుకొస్తాను. ఇంకెవరికీ చెప్పను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఏప్రిల్ 13

చేసేశాను.

షాపులో జనరేటర్ నడుస్తోంది. ఎవరిదో పెళ్ళి సర్టిఫికెట్ కాపీలు తీస్తూ మధ్యలో చేశాను. ఏ ఖాతాలోకైనా వెళ్ళే తాళం మా ఇద్దరు అడ్మిన్ల దగ్గరా ఉంది. వాడకూడదని ఒట్టు. లిబోరియో పేరుతో సెలవు పేజీలో రాశాను. పని ఒత్తిడి, నెల తర్వాత వస్తా, రొట్టెలు మాడనివ్వకండి.

అంతా మురిసిపోయారు. ఎన్నాళ్ళైనా నీ కోసం కాచుకుంటాం అని రాశారు. ఫెర్మిన్ కూడా హమ్మయ్య అన్నాడు. పెళ్ళి సర్టిఫికెట్ తలకిందులుగా వచ్చింది, మళ్ళీ తీశాను.

మే 13

నెల తిరిగింది. లిబోరియో రాలేదు. సెలవు రెండోసారి కుదరదు.

అతని వంతు నేనే రాశాను. అంబ్రోసియో పిండి పిసుకుతూ చేతులు చూసుకుంటాడు, ఈ చేతులే కదా అనుకుంటాడు, అంతే. ఇంత బాగా ఇదివరకు ఎప్పుడూ రాయలేదన్నారు. సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది, దొంగముఖాన్ని.

మే 20

ఇప్పుడు అంబ్రోసియో జవాబు కోసం ఐదుగురు కూర్చున్నారు. అతని తరఫున ఐదు వంతులు, నా తరఫున రెండు రాయాలి. కరెంటు ఉండేదే నాలుగు గంటలు. నిన్న ఆ వాననీళ్ళలోనే నిలబెట్టి కసిల్దాకీ అంబ్రోసియోకీ పెద్ద గొడవ పెట్టాను, రెండు పక్కలా నేనే తిట్టుకున్నాను. యొలైదా గుమ్మంలో నిలబడి చూసింది. నీలో నువ్వే గొణుక్కుంటున్నావే, పచ్చి అరటికాయలు వేగాయి, వచ్చి తిను అంది. వస్తున్నానన్నాను. వెళ్ళేసరికి తోలు ముక్కల్లా అయ్యాయి.

ఆపలేను. ఆపితే ఎందుకు ఆగాడని అడుగుతారు.

మే 27

లిబోరియో జవాబు రాశాడు.

ఒకటికి రెండుసార్లు చదివాను. అతను రెండేళ్ళుగా వెళ్ళిపోవాలనే చూస్తున్నాడట. రోజంతా పళ్ళు అరగదీసి కళ్ళు మండుతూ ఇంటికి వస్తే ఆరుగురికి బాకీ ఉన్నట్టు ఉండేదట. పోయిన డిసెంబరులో వెళ్ళొస్తానని చెప్పాడు కదా, అందరూ ఏడ్చారు కదా, ఒకమ్మాయి బొమ్మ గీసి పంపింది కదా. ఆ బొమ్మ చూసి నోరు మూసుకుని మళ్ళీ కూర్చున్నానన్నాడు. నాకు గుర్తే. అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే.

నీ రూలు చదివిన రోజు నా గుండె మీది బండ దిగినట్టయింది మైగువా అన్నాడు. పదిహేను రోజులు నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరినీ ఏడిపించక్కర్లేదు అనుకున్నాడట. నీ మెసేజ్‌లు చూస్తూ చెయ్యి కొరుక్కున్నాను, జవాబిస్తే ఆగిపోతానని తెలుసు అన్నాడు. పదహారో రోజు బీరు తెచ్చుకుని, నా పేరు లేని ఫోరం ఎలా ఉంటుందో చూద్దామని తెరిచాను, చూస్తే సెలవు కావాలని నేనే రాసి ఉన్నాను అన్నాడు. ఆ తర్వాత నెల ఓపిక పట్టాడట. మళ్ళీ తెరిస్తే రొట్టెలు కూడా కాలుస్తున్నాడట.

నువ్వేనని మొదటి మాటలోనే పోల్చుకున్నాను అన్నాడు. తిట్టలేదు. నన్ను వదిలెయ్యవే అన్నాడు. తిట్టినా బాగుండేది.

మే 28

అంబ్రోసియోని తీసేశాను. ఎందుకు తీశానో, ఇన్నాళ్ళూ ఎవరు రాశారో ఫోరంలో అందరి ముందూ పెట్టాను. నన్ను అడ్మిన్‌గా తీసెయ్యమన్నాను.

సిత్లాలీ చదివి ఒక్క ముక్క రాసింది. నాకూ ఒక రోజు అలా రాసిపెట్టి ఉండాల్సింది అక్కా. అంతే, ఇక రాలేదు.

ఫెర్మిన్, సిగ్గులేని పని చేశావు, కానీ నిన్ను తీసేస్తే ఈ చాకిరీ ఎవడు చేస్తాడు అన్నాడు. మీలో ఎవరైనా తీసుకుంటారా అని అందరినీ అడిగాను. ఒక్కరూ ముందుకు రాలేదు. నువ్వే ఉండు, క్షమించేశాం అన్నారు. నువ్వు లేకపోతే ఉప్పు రేవే లేదన్నారు, పైగా గుండె బొమ్మలు.

మే 31

లిబోరియో ఒక ఫొటో పంపాడు. చేపలు పడుతున్నాడు. నవ్వుతున్నాడు. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

జూన్ 1

ఇవాళ్టి నుంచి రాయను. ఎవరికీ చెప్పను. సెలవు అడగను.

జూన్ 9

ఫెర్మిన్ మెసేజ్‌లు చూస్తున్నాను. జవాబు ఇవ్వడం లేదు. చెయ్యి కొరుక్కోవడం అంటే ఏమిటో తెలిసింది. యొలైదాతో కలిసి వేడి వేడిగా తిన్నాను.

జూన్ 17

ఫోరం తెరిచాను. కసిల్దా వాననీళ్ళలోంచి పైకొచ్చి తాళ్ళ కొట్టు తలుపు తీసింది. పైన నా పేరే, నిన్న సాయంత్రం నేనే రాశాను. ఫెర్మిన్ బాగానే రాశాడు.